వణకని చెయ్యి

నా చెవులు నా మాట వినవు.
మంచి ముక్కలు పడితే చాలు
నాకంటే ముందే కొసలు వెచ్చబడతాయి.
ముఖానికి తాళం వేశాను. గుటకకు లెక్క నేర్పాను.
పందెం కాసినా, మానుకున్నా
లోపల అయిదంకెలు లెక్కపెట్టి
ఒకే తీరున చిప్స్ ముందుకు తోస్తాను.
చెవులకేం చెప్పను?
ఉన్ని టోపీ కిందికి లాక్కుంటాను.

ఒస్త్రావాలో, ట్రామ్ డిపో వెనక
బీరు కొట్టు పై అంతస్తు.
శుక్రవారం రాత్రి, ఎనిమిది కుర్చీలు.
పగలంతా అద్దంలో జనాన్ని చూసే ఉద్యోగం నాది.
టికెట్ కొననివాడు కిటికీలోంచి
లేని దృశ్యాన్ని చూస్తూ కూర్చుంటాడు.
ఇక్కడా అంతే.
చేతిలో ఏమీ లేని రాదిమ్
నా కళ్ళలోకి గుచ్చి గుచ్చి చూస్తాడు.
నిజంగా ఉన్ననాడు
తన చిప్స్ వంక ఒక్క చూపు విసిరి
గోడగడియారం వైపు తల తిప్పుకుంటాడు.
ద్రహొమీరా ఊపిరి బిగబట్టిందా, అబద్ధం.
బల్ల కింద ఆమె మడమ ఆడుతోందా,
నా ముక్కలు బోర్లా పెట్టేస్తాను.

అలోయిస్ దగ్గర ఈ చదువేదీ పనికిరాదు.
ముప్పయ్యేళ్ళు బొగ్గుగనిలో డ్రిల్లు పట్టిన కుడిచెయ్యి
రాజులకూ వణుకుతుంది, రెండుకూ మూడుకూ వణుకుతుంది,
బీరు గ్లాసుకూ వణుకుతుంది.
కొత్తవాళ్ళు ఆ వణుకు చూసి
పెద్ద ముక్కలేవో పడ్డాయని పారిపోతారు.
వాళ్ళు వదిలిన చిల్లర ఏరుకుంటూ
"గనివాళ్ళు ఎగ్గొట్టిన పింఛనమ్మా ఇది" అంటాడు.

మొన్న, చివరి ముక్క తెరిచాక,
ఉన్నదంతా ముందుకు తోశాడు.
చెయ్యి వణకలేదు.
నిమ్మకు నీరెత్తినట్టు బల్ల మీద పడుకుని ఉంది.
అయిదు లెక్కపెట్టాను. మళ్ళీ అయిదు.
అప్పుడు కనిపించింది, చెయ్యి కాదు, భుజం.
బల్ల అంచు కిందనుంచి ఎడమచెయ్యి
కుడి మోచేతిని పీక పిసికినట్టు పట్టుకుని ఉంది.
దాస్తున్నాడు, కాబట్టి ఏమీ లేదు
అనుకున్నాను. కాల్ చేశాను.

మూడు పదులు చూపించాడు.
"ఒక్కసారైనా నా చేతిని కాక
నా ఆటని చూస్తారనుకున్నా."
చిప్స్ దగ్గరకు లాక్కోవడానికి
మోచెయ్యి వదలగానే, మళ్ళీ మొదలు.

సోమవారం పొద్దున్నే నా ట్రామ్ ఎక్కాడు.
మిషన్ చీలికలో టికెట్ దూరడంలేదు.
ఒకసారి. రెండోసారి.
అద్దంలో అంతా కనిపిస్తూనే ఉంది.
వెనక ట్రామ్ గంట కొడుతోంది.
నేను కదల్లేదు,
కిటికీలోంచి లేని దృశ్యాన్ని
చూస్తూ కూర్చున్నాను.