నాలుగు రోజుల దూరంలో నీళ్లు

హన్మకొండ ఆఫీసులో నా టేబుల్ మీద
రెండు క్యాలెండర్లు ఉంటాయి.
ఒకటి అందరిదీ.
రెండోది నీళ్లది,
ఎప్పుడూ నాలుగు రోజులు వెనకే నడుస్తుంది.

పొద్దున్నే పోచంపాడు నుంచి మెసేజ్:
వెయ్యీ ఎనభై ఏడు అడుగులు.
ఆ అంకె వెనక నాందేడ్ వానలు, బాబ్లీ గేట్లు,
మంజీర మనసు మార్చుకున్న ఒక మధ్యాహ్నం.
నది మీద ఎంతటివాడైనా
ఎవరో ఒకరికి కిందివాడే.

అక్కడ ఆదివారం తూము ఎత్తితే
వర్ధన్నపేట అవతలి చివరి మడిలో
గురువారం గానీ తెల్లారదు.
నడుమ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల,
నడుమ మానేరు డ్యాం ఒడిలో ఒక కునుకు,
నడుమ కాల్వ గొంతులోకి పైపులు దించిన
డీజిల్ ఇంజన్లు.
అవెంత తాగాయో అందరికీ తెలుసు, ఎవరూ రాయరు.
"ఇంకుడు నష్టం" అని మా రిజిస్టర్లో ఒక గడి ఉంది.
మర్యాద గల గడి.
అందులో ఊళ్లకు ఊళ్లు పడతాయి.

ఓదేలు ముప్పై ఏళ్ల లష్కర్.
సీజన్ తొలి నీళ్లు వచ్చే రోజు
చితుకుల్నీ తెగిన చెప్పుల్నీ నెట్టుకొచ్చే
ఆ నురగ మొహం పక్కన
కట్ట మీద తనూ నడుస్తాడు.
"మనిషి నడకే సారూ దీనిది.
బీడీ ముట్టిచ్చేటందుకు నేనాగుత,
గది ఆగది. గంతే ఫరక్."

ఆ అక్టోబరులో వరి పొట్ట మీద ఉంది.
నెర్రెల్లో వేలు దూరేది.
రైతులు మా మెట్ల మీద మూడు పూటలు కూర్చున్నారు.
సాంబరాజు అనే ఆయన
ఎండిన దుబ్బు పీక్కొచ్చి నా ఫైలు మీద పెట్టి
ఏమీ అనలేదు.
నేను ఫోనెత్తి
కావలసిన దానికన్నా మూడొందల క్యూసెక్కులు ఎక్కువే అడిగాను,
దారిలో తాగేవాళ్లను లెక్కేసుకుని.

నాలుగో రోజు సాయంత్రం
ఘనపురం దిక్కు ఆకాశం కమిలింది.
రాత్రి పదింటికల్లా పదకొండు సెంటీమీటర్లు.
డీజిల్ ఇంజన్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.
తాగేవాడు లేని కాల్వ
నేనడిగిందంతా పైసాతో సహా తెచ్చి పెట్టింది.

పైకి ఫోన్ చేసి ఆపమన్నాను. ఆపారు.
ఆపిన చోటికీ నాకూ మధ్య
అప్పటికే బయల్దేరిన నీళ్లున్నాయి.
వాటికి ఫోన్ లేదు.

కట్ట చెమర్చడం మొదలైంది.
ఇక ఎస్కేప్ తూము ఎత్తాలి, వాగులోకి వదలాలి.
వాగు ఇంకా పొడిగానే ఉంది, వాన అటు పోలేదు.
దిగువన, మలుపు దాటాక, ఇసుక ట్రాక్టర్లు.
లైట్లు ఆర్పి, ఫోన్లు ఆర్పి
ఎవరి కంటా పడకపోవడమే వాళ్ల పని.

"ఇరువై నిమిషాలు ఆగుండ్రి" అని
ఓదేలు వాగులోకి దిగాడు,
తొడ మీద కొడితే గానీ వెలగని టార్చి పట్టుకుని.
నేను ఇనుప చక్రం మీద చేతులు పెట్టి నిలబడ్డాను.
పద్దెనిమిదో నిమిషంలో
కట్ట అంచు నుంచి గుప్పెడు మట్టి జారింది.
ఆగానా?
ఆగాననే ఇప్పటిదాకా అందరికీ చెప్పాను.

తెల్లారి ఓదేలు మోకాళ్ల దాకా బురదతో వచ్చి
చాయ్ సాసర్లో పోసుకుంటూ నవ్వాడు.
"నీళ్లొస్తున్నయని ఒర్రితె ఒక్కడు కదల్లె సారూ.
టార్చి జూసి ఎమ్మార్వో అనుకున్నరు.
తట్టలిడిసి గడ్డకు ఉరికిన్రు."
ఒక ట్రాక్టరు మాత్రం వాగు నడుమ
స్టీరింగు దాకా మునిగి ఉండిపోయింది.
అది తనదని ఇవాళ్టికీ ఎవరూ రాలేదు.

రిపోర్టులో రాశాను:
అదనపు జలాలు సురక్షితంగా విడుదల. ప్రాణనష్టం లేదు.
సాంబరాజు పొలానికి అందులో చోటు లేదు,
ఆ వానకు దుబ్బులు లేచాయని తర్వాత ఎవరో అన్నారు.

ఓదేలుకు కొత్త టార్చి కోసం ఇండెంట్ పెట్టాను,
మూడు సెల్లులది.
అదెప్పుడు బయల్దేరిందో,
ఇప్పుడు ఏ ఊరి దగ్గరుందో.