జాడీ బోర్లించి

ముందు బోర్లించాలి.
ముఖం చూసి వయసు చెప్పి
మూడుసార్లు మోసపోయినవాణ్ణి నేను.

గూడూరు నుంచి బస్సులో, తువ్వాల్లో చుట్టి
ఒళ్లో పెట్టుకుని తెచ్చింది పెంచలమ్మ
స్టోన్‌హౌస్‌పేటలో నా పాత సామాన్ల కొట్టుకి.
"ఇటలీదంట అబయా. అబ్రకం కొనే దొర వదిలేసి పోయినాడంట.
ఎవురు చేసిందో, ఎన్నాళ్లదో జెప్పు. రేటు తరవాత."

తెల్లపూత మీద నీలం తీగలు, మధ్యలో కోడిపుంజు.
కోడిని నమ్మను. కోడిని ఎవరైనా గీస్తారు.
అడుగు అంచుకి పూత లేదు, గోటితో గీరితే
ఇటుకరంగు పొడి రాలింది. మెత్తటి మన్ను.
బట్టీలో ముక్కాలి మీద నిలిచిన మచ్చలు మూడు.
కుంచెతో రాసిన రెండు అక్షరాలు, ఒక అంకె,
వాటి కింద దేశం పేరు, ఇంగ్లీషులో.
సొంతూళ్లో అమ్ముకునే కుండకి దేశం పేరెందుకు?
ఓడెక్కించడానికే చేశారు.
మరీ పాతది కాదమ్మా, నూరేళ్లకి అటో ఇటో.

ఆ రెండు అక్షరాలూ కార్ఖానా యజమానివి.
చేసిన చెయ్యి లోపలుంది:
సారె తిరుగుతుండగా వేలు జారిన గాడి,
మెడ కింద, సన్నగా.
నా వేలు అందులో పట్టలేదు.

"లోపలంతా గరుకేంది?"
"నిమ్మకాయ. ముప్పై ఏళ్లు ఊరింది గదా."

అప్పుడు చూశాను, ఎడమ చెవి అతుకు దగ్గర
సన్నటి తళుకు. పూత కాదు. కాకిబంగారం.
లక్క కరిగించి, అబ్రకం పొడి కలిపి
ఎవరో విరిగిన చెవిని నిలబెట్టారు,
బొటనవేలితో అదిమి. గీతలు ఇంకా ఉన్నాయి.

"మా అవ్వ, మస్తానమ్మ. షెడ్డులో రేకులు చీల్చేది.
రేకు రేకుకీ వేలు తెగేది."
"ఏ ఏడు?"
"మా మామ పుట్టిన ఏడు. పురిటి మంచం తగిలే ఇరిగింది."

తెల్లకాయితం మీద రాసిచ్చాను:
దేశం ఇటలీ. ఊరు తెలియదు. పేరు తెలియదు.
చెవి: మస్తానమ్మ, గూడూరు.
అతుకున్న జాడీకి బజార్లో సగం ధరే, అదీ చెప్పాను.
"అతుకు లేకుంటే జాడీ యాడుండాది అబయా?"

అంతసేపూ తలకిందులుగా ఉన్న కోడిని
తిప్పి నిలబెట్టి, తువ్వాలు చుట్టింది.
నాలుగున్నర బస్సు.
నా గోట్లో ఇటుకపొడి,
వేళ్లకి ఎప్పటిదో నిమ్మకాయ వాసన.