లైన్ క్లియర్

తుపాను పోయిన మూడో నాడు
సొహార్ క్యాంపు గేటు ముందట పికప్ ఆపి
గుత్తేదారు మనిషి మూడు భాషలల్ల ఒక్కటే అడిగిండు:
"స్తంభం ఎక్కెటోడు ఎవడు?"

చేతులు లేచినయి.
టైల్స్ పరిచే చెయ్యి, కార్లు కడిగే చెయ్యి,
పని పోయి రెండు నెలలైన ఆజాద్ వీసా చెయ్యి.
దినానికి పన్నెండు రియాళ్లంటే
ఖర్జూరపు చెట్టు కూడ చెయ్యి లేపుతది.

పేరు, బతాకా నంబరు, బూట్ల సైజు రాసుకున్నరు.
ఎక్కి చూపియ్యమని ఎవ్వరడగలే.
సువైక్ అవతల ఊర్లకు ఊర్లే చీకట్ల ఉంటే
పరీక్ష పెట్టే తీరిక ఎవరికుంది?

నాకైతే ఎక్కుడు తెల్సు.
మా దిక్కు లైన్‌మన్‌కు మోకాళ్ల నొప్పి.
ఆరేండ్లు ఆయన బదులు నేనే ఎక్కిన,
ఏ రిజిస్టర్ల లేని పేరుతోని.

లింబాద్రికి రాదు.
మొదటి స్తంభం కాడనే దొరికిపోయిండు.
బెల్టు పెట్టుకుంటుంటె వేళ్లు వణికినయి,
సిమెంటు సందులు సాపు చేసే వేళ్లు.
"కింద ఉండు" అన్న. "డిశ్చార్జి రాడ్ పట్టు.
ఎవరికీ చెప్ప."

వాదీ నీళ్లు తీసినంక ఏం మిగుల్తదో చూసినవా?
మీటరు డబ్బాల నిండ ఇసుక.
మసీదు మెట్ల మీద ఎవరిదో పడవ.
తీగె ముళ్లకంపకు చుట్టుకొని
దువ్వెన ఎరగని జడ లెక్క, గుంజితె రాదు,
కోస్తె మనసొప్పదు.
పిల్లలు "కహ్రబా! కహ్రబా!" అని ఉరికొస్తరు.
కరెంటని అర్థం.
మనకు పెట్టిన పేరనుకున్నడు లింబాద్రి,
పిలిచినప్పుడల్లా చెయ్యి ఊపిండు.

ఐదో నాడు.
ఖల్ఫాన్ సారు ఫోన్ల రెండుసార్లు అడిగి
లైన్ క్లియర్ రాయించుకొని సంతకం పెట్టిండు.
లైన్ చచ్చింది.
కాగితం మీద చచ్చింది.

నేను ఒక కాలు పైకి పెట్టిన.
"ఆగన్నా" అన్నడు లింబాద్రి, "రాడ్ ఇంక తగిలియ్యలే."
పొద్దటి నుంచి పన్నెండు స్తంభాలు.
పన్నెండుసార్లు తగిలిచ్చిండు, ఏం కాలే.
నేనైతే ఇడిసిపెట్టెటోణ్ని. పని తెల్సినోణ్ని గద.
వాడు కొత్తోడు, చెప్పింది చెప్పినట్టు చేసుడే తెల్సు.
కొక్కెం తీగెకు ఆనింది.

టప్.

నీలంగ ఒక తునక వెలుగు. అంతే.
ఎక్కడ్నో పెరట్ల ఒక మోటరు
రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఎవరో ముసలామె. ఫ్రిజ్ల చేపలు కుళ్లుతయని
జనరేటర్ తెప్పిచ్చి ఇంటి ప్లగ్గుల గుచ్చిచ్చిందంట.
ఆమె వంటింటి కరెంటు
ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి ఎనక్కి నడిచి
పదకొండు వేల వోల్టులై నా కాడికి వస్తున్నది.
ఆమె తప్పేం లేదు. చేపలు మంచియి.
తర్వాత కహ్వా కూడ తెచ్చింది.
తాగుకుంట నా చెయ్యి నేనే చూసుకున్న,
గిన్నె పట్టుకున్న చెయ్యి, నాదేనా అని.

పదకొండో నాడు ఖలాస్.
జీతాల కాగితంల లింబాద్రి "హెల్పర్". దినానికి ఏడు.
"ఎక్కలేదు గద" అన్నడు గుత్తేదారు మనిషి.
నిజమే. ఎక్కలే.
నేను నోరు తెరువలే.
ఎవరికీ చెప్పనన్న మాట అడ్డమొచ్చిందని
ఇప్పుడు అనుకుంట.
అప్పుడైతే నోట్లు లెక్కపెట్టుకుంటున్న.

మొన్న మెస్సు టీవీల
సముద్రం మీద తెల్లటి సుడి చూపిచ్చిన్రు.
ఎవ్వరు సప్పుడు చెయ్యలే.
తుపాను రావాలని ఎవడు కోరుకుంటడు?
మమ్మల్ని మాత్రం అడగకు.

లింబాద్రి తాపీ తుడుసుకుంట పక్కన కూసున్నడు.
"అన్నా, ఎక్కుడు నేర్పిస్తవా?"

క్యాంపు ఎనక వాలీబాల్ స్తంభం ఉంది.
రేపు శుక్రవారం.