బరువు తెలిసిన చెయ్యి

చినవాల్తేరు ఆసుపత్రి వరండాలో
డాక్టరమ్మ నాకు తెలిసేలాగే చెప్పింది:
కన్ను చూసేలోపే మెదడు ఊహించేస్తుందట,
తప్పితే చూసి దిద్దుకుంటుందట.

ఇది మా మాసేనుకి కొత్తా?
నీటి రంగుని బట్టి కవ్వళ్లు ఎటున్నాయో చెప్పేవాడు.
వల గుంజితే చాలు, వాడి చేతికి తెలిసేది
ఏది చేప, ఏది ఉత్త కెరటం.

ఆ లోపలి చేతికి ఇప్పుడు ప్రతి కెరటమూ చేపే.
షిప్‌యార్డు సైరను మోగితే
"నన్నేనే అక్కా" అనేవాడు.
డాల్ఫిన్స్ నోస్ మీది లైటు
ఊరంతా తిరిగొచ్చి తన గుమ్మం దగ్గరే ఆగుతుందనేవాడు.
ఇన్ని సైగలు!
ఊరకే ఎవరు చేస్తారు?
రేవులో ఓడలన్నీ కలిసి తన మీద కుట్ర పన్నాయని
తేల్చుకున్న రాత్రి,
మూడు వారాల తర్వాత,
ఆదమరిచి నిద్రపోయాడు.
మేం నయమైందనుకున్నాం.

మాత్రలు పడుతున్నాయి.
సైరను కొంచెం సైరనులా వినిపిస్తోందట.

నేనేం తక్కువ?
నిన్న రాత్రి గొళ్లెం చప్పుడైతే
వాడేననుకుని లేచాను.
కంచం పెట్టాను, పులుసు వేడి చేశాను.
తలుపు తీస్తే పెదజాలరిపేట ఇసక, గాలి.

తప్పు దిద్దుకోవాలి కదా.
కంచం మాత్రం తెల్లారేదాకా తియ్యలేదు.