శనగగింజంత

ముందు మొహం గుండ్రమైంది.
పలాస చుట్టాలు "ఒళ్ళు చేశాడు" అని మెచ్చుకున్నారు.
తర్వాత నల్లబడ్డాడు, ఎండ మొహం చూడని మా అన్న.
గేదె కొమ్ము కోసి కొంగలు చెక్కే మనిషి
పీట మీంచి లేవడానికి గోడ సాయం అడిగాడు.

పర్లాకిమిడిలో ఎవరికి తోచింది వాళ్ళన్నారు:
సారా, కామెర్లు,
కీళ్ళనొప్పులకి సంతలో అమ్మే తెల్లమాత్రలు.
"మాత్రలు మింగలేదమ్మా" అని నేను ఒట్టేస్తే
బరంపురంలో మినతి డాక్టరమ్మ నమ్మింది.
నమ్మి, మళ్ళీ రక్తం తీయించింది.

కళ్ళ వెనకాల, పుర్రె అడుగున
బఠాణీ అంత గ్రంథి ఉంటుందట.
ఒంటికి ఆజ్ఞలు అక్కణ్ణించే.
మనిషిని గొట్టంలోకి తోసి ఫొటో తీశారు.
శుభ్రంగా ఉంది, పాపం,
నోరు మూసుకుని కూర్చుంది.
మరి ఆజ్ఞ ఎవరిది?

మళ్ళీ గొట్టం. ఈసారి ఛాతీ.
కుడి ఊపిరితిత్తి అంచున శనగగింజంత.
తల రాయాల్సిన చీటీ అది రాస్తోంది
రాత్రీ పగలూ, అదే దస్తూరీ, అదే సంతకం.
మూత్రపిండాల నెత్తినున్న గ్రంథులు
ఎవరు రాశారని అడగవు,
రాసింది చూసి పని చేస్తాయి.

"కొమ్ము పొడి పీల్చినందుకా?"
"కాదు" అందామె ఒడియాలో, తర్వాత తెలుగులో.
మొదటిసారే అర్థమైంది.
రెండోసారీ వినాలనిపించింది.

"దానికెవరు నేర్పారు?"
నేర్పక్కర్లేదట.
ప్రతి కణం దగ్గరా మొత్తం పుస్తకం ఉంటుంది,
ఎవరి పేజీ వాళ్ళు తెరుచుకుంటారు,
తక్కినవి కుట్టేసి ఉంటాయి.
ఎక్కడో కుట్టు ఊడింది.

ఊడిందల్లా దొంగతనం కాదు,
అంది కళ్ళజోడు తుడుస్తూ.
నీ బిడ్డ ఈదిన ఉమ్మనీటి నిండా
పాల హార్మోనే.
తల పంపలేదు దాన్ని,
గర్భసంచి గోడే అక్కడికక్కడ చేసుకుంది.

నేను రేషన్ కార్డు ఒడియాలో చదువుతాను,
చిల్లర తెలుగులో లెక్కపెడతాను.
మా తాత పుట్టినప్పుడు ఈ వీధి మదరాసు కింద ఉండేది.
గీత జరిగింది, నోరు జరగలేదు.
ఏ రాజధానీ పంపని మాట
మా పెరట్లో ఇంకా ఊరుతూనే ఉంది.
ఇది ఆమెకి చెప్పలేదు, ఏం పోలికే అంటుందని.

గింజ తీసేశారు.
తలలో గ్రంథి వెంటనే లేవలేదు,
చాన్నాళ్ళు నిద్రపోయింది కదా.
అందాకా రోజూ పొద్దున్నే
తెల్లమాత్రలు, ఈసారి నిజంగానే.

నిన్న దాలయ్య గోడ ముట్టకుండా లేచాడు.
ఆకురాయి వెతికాడు.
సగంలో ఆగిన కొంగ మెడ మీద దుమ్ము ఊదాడు.

కాదని డాక్టరమ్మ రెండు భాషల్లో చెప్పినా
నేను వెళ్ళి కిటికీ తీశాను.