నల్ల టేపు

రుస్తావి సంతలో ఈ ఓపెల్ కారు అంటగడుతూ
ఒతియా అన్నీ చెప్పాడు,
స్పీడు ముల్లు పక్కన గోరంత నల్ల టేపు సంగతి తప్ప.
అడిగితే నవ్వాడు.
"అదా? ఇంజిను దీపం. ఊరికే వెలుగుతుంది.
పెంకి పిల్ల ఏడుపు, పట్టించుకోకు."

నేనూ పట్టించుకోలేదు.
ఇంజిన్ల గుణం నాకేం తెలుసు?
తీగలు బిగించి బతికేదాన్ని.
కుతాయిసి నుంచి కొండమీది బడుల దాకా
శ్రుతి తప్పిన పియానో ఎక్కడుంటే అక్కడికి,
వెనక సీట్లో శ్రుతికోల, రబ్బరు బిళ్ళలు, ఉన్నిపట్టీ.
మూడు చలికాలాలు అలాగే గడిచాయి, టేపు చాటున.

ఈ నవంబరులో, రికోతి ఎక్కుడు మొదలవకముందే,
కాలి కింద తాళం మారింది.
త, క, ధి, మి అనాల్సింది
త, క,     , మి అంటోంది.
ముందు చెవికి తెలిసింది. చెయ్యి తర్వాత కదిలింది.
గోటితో టేపు గీకి చూస్తే
దీపం వెలగడం కాదు, కొట్టుకుంటోంది.
గొంతు పోయినవాడు
రోడ్డు మధ్యలో నిలబడి చేతులూపినట్టు.

ష్రోషా కుండల అంగళ్ళ ముందు ఆపేశాను.
జుజునా అనే ముసలామె
ఎవరికో జాడీలు వేలి కణుపుతో తట్టి వినిపిస్తోంది.
ఒకటి ఖంగుమంది.
ఇంకొకటి బొదబొదమంది, దాన్ని వెనక్కి నెట్టింది.
నాకు పగులేం కనపడలేదు.
"కనపడేదాకా ఆగితే వైను నేలపాలు" అంది,
నాకో స్టూలు జరిపి.

రెండు గంటలకి జెస్తాపొని నుంచి
మోటారుసైకిలు మీద వచ్చాడు గెగా.
స్టీరింగు కింద ఏదో గుచ్చి, ఫోనులో చదివాడు.
"రెండు ఫిర్యాదులున్నాయి, ఎతేరి అత్తా.
ఒకటి పాతది. పొగని శుభ్రం చేసే డబ్బా
నీ బండికి లేనే లేదు. ఎవరో కోసి అమ్ముకున్నారు.
రెండోది ఈ వారానిది. మూడో సిలిండరు మండడం లేదు."

మూడేళ్ళు నిజమే చెప్పిందన్నమాట,
పెంకి పిల్ల.

"ఎప్పుడూ వెలిగే దీపానికి కొత్త కబురెలా చెప్పాలి?
అందుకే రెప్పలు కొడుతుంది.
నిలకడగా ఉంటే, తీరిక చేసుకుని రా అని.
కొట్టుకుంటే, ఇక్కడే దిగు అని."

మూడో కాయిలు ఊడదీసి ఒకటోదాని మీద పెట్టాడు.
ఈసారి ఒకటోది తప్పింది.
"చూశావా, జబ్బు దాంతోపాటే ఇల్లు మారింది."
నా పనీ ఇంతే కదా.
పక్క తీగల నోరు నొక్కి
ఒక్కదాన్నే పలికించి దొంగని పట్టడం.
ఇంతకాలం దీన్ని వేరే విద్య అనుకున్నాను.

జేబులోంచి పాత కాయిలొకటి తీసి బిగించాడు.
త, క, ధి, మి.
ఆ క్షణంలో ఎందుకో ఖరగౌలి బడి గుర్తొచ్చింది.
అక్కడ పై సప్తకంలో పలకని మెట్టు మీద
కాగితం అంటించింది నేనే: నొక్కవద్దు.
ఆరేళ్ళయింది.
పిల్లలు దాన్ని దాటి వేళ్ళు సాచడం నేర్చేసుకున్నారు.
టీచరు దాన్ని నా పనితనమే అనుకుంటోంది.

గెగా టేపు చుట్ట చూపించాడు.
"వేసేయనా? పాత ఫిర్యాదు ఎలాగూ పోదు."
వద్దన్నాను.
డబ్బా ఖరీదు అడిగాను. చెప్పాడు.
మనసులో నా కూలితో భాగించుకున్నాను.
పదకొండు పియానోలు.

చీకటి పడుతుంటే ఖరగౌలి వైపు తిప్పాను.
దీపం పసుపుగా, కదలకుండా,
అప్పిచ్చినవాడు అరుగుమీద కూర్చున్నట్టు.
ముందు ఆ కాగితం పీకాలి,
కింద విరిగిన సుత్తి మార్చాలి.
దానికి డబ్బెలా అడుగుతాను?

ఇంకా పదకొండే.