తడి కనబడ్డచోట

గెడ్డం గీసుకుంటుంటే తగిలింది,
ఎడమ చెవి కింద, నానిన శనగగింజంత.
నొప్పి లేదు.

షెఫీల్డ్ కొండవీధుల కింద కారే నీళ్ళని
ఇరవై రెండేళ్ళుగా వింటున్నవాణ్ణి.
అర్ధరాత్రి, బస్సులు పడుకున్నాక,
ఇనుపకడ్డీ ఒక కొస రోడ్డుకి, ఒక కొస చెవికి.
తడి కనబడ్డచోటే తవ్వేవాడు కొత్తవాడు.
వాక్లీలో ఎగువన పగిలిన గొట్టం
నాలుగు గుమ్మాల దిగువన
ఎవరి మెట్లమీదో బయటపడుతుంది.

అందుకే మిస్ ఓల్డ్‌రాయిడ్
"ఇది మెడలో పుట్టింది కాదు" అంటే
నాకు వెంటనే అర్థమైంది.
హైమకి కాలేదు. "మరి ఏ ఊరిది?" అంది,
పెళ్ళిచూపుల్లో అడిగినట్టు.

సూదికొచ్చిన కణాల్లో ఒక వైరస్ ఆనవాలు:
గొంతువైపు చూపించే వేలు,
ఇంటి నంబరు కాదు.
వెలిగే చక్కెర నరంలోకి ఎక్కించి ఒళ్ళంతా వెతికారు.
మెదడు వెలిగింది, అది ఎప్పుడూ వెలిగేదేనట.
గడ్డ వెలిగింది.
పుట్టినచోటు వెలగలేదు.

టాన్సిల్స్ రెండూ తీశారు.
పెనానికి అంటిన అట్టుని గీకినట్టు
నాలుక మొదలు గీకింది మరచెయ్యి.
మెడ కోసి ముప్పై ఒక్క గ్రంథులు లెక్కపెట్టారు,
రెండింట్లో ఉంది.
మిగతా ఎక్కడా లేదు.

నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు మనవాళ్ళు.
అడిగినందుకే కదా నాకు జీతం.

"దొరకలేదు. అయినా వైద్యం ఆగదు" అంది ఆవిడ.
"వీధంతా వాల్వులు కట్టేస్తారన్నమాట" అన్నాను.
నవ్వలేదు. కాగితంమీద రాసుకుంది.

వేడినీళ్ళలో మెత్తబడ్డ వల మొహంమీద పరిచి
నా ముక్కు, నా గెడ్డం అచ్చు తీశారు.
ముప్పై పూటలు ఆ అచ్చుతో బల్లకి బిగించారు.
మూడో వారం చారు మట్టిలా ఉంది.
ఐదో వారం చారే లేదు, పొట్టలోకి గొట్టం.
వినికిడి తినే మందు ఒకటుందట,
దాని అవసరం రాలేదు. అదొక్కటే దయ.
నీళ్ళవాడి నోట్లో నీళ్ళు లేవు ఇప్పుడు,
జేబులో సీసా.
ముసుగు ఇంటికి తీసుకెళ్తారా అంటే వద్దన్నాను.
హైమ తీసుకుంది. ఎక్కడ పెట్టిందో అడగలేదు.

మొన్న క్రూక్స్‌లో, రాత్రి రెండింటికి,
కుర్రాడు కీరన్ తడిచుట్టూ సుద్దతో గుండ్రం గీశాడు.
"అక్కడ కాదు" అన్నాను.
ఎగువకి నడుస్తూ గుమ్మం గుమ్మం విన్నాం.
ఏమీ లేదు.
తెల్లారేసరికి తడి దానంతటదే ఆరిపోయింది.

నివేదికలో "మూలం తెలియలేదు" అని రాశాను.
"మరి మూసెయ్యమంటారా?" అన్నాడు.
వద్దు.
రెండు నెలలకోసారి వచ్చి
వినాలి ఈ వీధిని.